నీళ్లొచ్చే గంట

నల్లా ముందు గాలి వదులుతుంది, తరువాతే నీళ్లు. కఫం పట్టిన ముసలాయనలాగా కాసేపు గురగురమని, ఒక చుక్క రాల్చి, మళ్లీ ఊరుకుంటుంది. దీని వరస యాదలక్ష్మికి ఏళ్లుగా తెలుసు. అయినా ప్రతిసారీ ఆ ఊరుకున్న క్షణంలో ఆమె ప్రాణం ఉసూరుమంటుంది, ఈ పూట రావేమో, పైపు ఎక్కడో పగిలిందేమో, వాల్వు తిప్పేవాడు మరిచిపోయాడేమో అని. రోజు మార్చి రోజు మూడింటికి వస్తాయి, నాలుగింటికి పోతాయి. ఆ గంటే ఆమెకు పండగ, ఆ గంటే పరీక్ష. కొత్తపేట వెనక గల్లీలో, వెంకాయమ్మగారి మూడంతస్తుల ఇంట్లో కింద వెనక వాటా వాళ్లది. ఒక గది, ఒక వంటిల్లు, వంటింటి గుమ్మం పక్కనే ఈ నల్లా. దాని కింద స్టీలు బిందె, ఆ వెనక ఇంకో బిందె, ఆ వెనక బకెట్లు, డబ్బాలు, మూత పోయిన కుక్కరు, సర్కారు దవాఖాన ముందు చీటీల కోసం నిలబడ్డ జనంలాగా. గట్టు మీద తడి తగలని చోట ఫోను. ఇవాళ ఆమె చూడాల్సింది నల్లానో ఫోనునో ఆమెకే తెలియడం లేదు. నీళ్లు పట్టుకునేలోపల ఆలోచించుకుని చెబుతానంది మొగుడితో. ఆలోచన అంటే ఎక్కడ కూర్చుని చేస్తారో, దానికి ఏం కావాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మొగుడు సీతారాములు ఈ వేళకు అబ్దుల్లాపూర్‌మెట్ అవతల, హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక వెంచర్లో, ఖాళీ ఇంటి ముందు నిలబడి ఉంటాడు. రెండు గదులు, ముందు వరండా, వెనక చిన్న జాగా, నాలుగు దిక్కులా గాలి. ఇక్కడి కిరాయిలో సగం కూడా కాదు. నల్లా మాత్రం లేదు, బోరు నీళ్లే. సాయంత్రం ఇంకెవరో చూడటానికి వస్తున్నారట, అందుకని ఇవాళే ఏదో ఒకటి తేల్చమంది ఆ ఇంటావిడ. రాత్రంతా పాల బండి నడిపి పొద్దున ఇంటికి వచ్చి, చాయ్ సగం తాగి, గోడకు తల ఆనించి అన్నాడు సీతారాములు: "పైసల సంగతి నేను జూసుకుంట లక్ష్మీ. నీళ్ల సంగతి నీకెర్క. నువ్వు ఊ అంటే మాటిచ్చి ఒస్త. ఊహూ అంటే ఉత్తగనే ఒస్త." ఎంత మంచి మాట! మంచి మాటలన్నీ ఇట్లాగే ఉంటాయి, మూట ఎదుటివాళ్ల నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటాయి. ఆమెకు అప్పుడే ఒళ్లు మండింది. నువ్వే చెప్పరాదా, నాతో అయితలేదు, రెండు పనులు చేయలేను, పోదాం పద అని. అట్లా అంటే ఆమె కొట్లాడేది, కొట్లాడి ఓడిపోయేది, ఓడిపోయి హాయిగా సామాను సర్దుకునేది. ఆయన అనడు. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తోంది, తనకు ఏం కావాలో ఆ మనిషి ఒక్కసారి నోరు తెరిచి అడిగితే ఒట్టు. కూరలో ఉప్పు లేకపోయినా మంచిగుందంటాడు. అటువంటివాడితో కాపురం సుఖమని అమ్మలక్కలు అంటారు గానీ, సుఖమా అది, ప్రతిదీ మనమే కనిపెట్టాలి.

బిందెలో టప్పుమని ఒక చుక్క. ఇంకొకటి. సన్నటి ధార మొదలై, తెగి, మళ్లీ కలిసింది. ఆమె లేచి నిలబడింది, లేచినందువల్ల ధార లావెక్కదని తెలిసి మళ్లీ కూర్చుంది. కృష్ణ నీళ్లు. సాగర్ దగ్గర తోడి, గుట్టలెక్కించి పట్నానికి పంపే నీళ్లు. ఆ పైపులు ఆమెకు పట్నం రాకముందే తెలుసు. మునుగోడు అవతల వాళ్ల ఊరి పొలిమేర నుంచే పోయేవి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వాటికి చెవి ఆనిస్తే లోపల హోరు వినబడేది. పట్నం పోతున్నయే నీళ్లు, అనేవాడు అన్న జంగయ్య, ఎర్రబస్సు పోతున్నదన్నంత మామూలుగా. ఆ హోరు విని, ఇంటికి పోయి, బోరింగు నీళ్లు తాగేవాళ్లు. రుచిలో ఏమీ తెలిసేది కాదు. చల్లగా, తేటగా, గొంతు దిగుతుంటే హాయిగా ఉండేవి. చేదుగా ఉంటే ఊరు ఊరంతా ఒళ్లు వంగిపోయేదాకా ఎందుకు తాగుతుంది? ఒకసారి జీపులో ఎవరో వచ్చి, నీళ్లు సీసాలో పట్టి మందు చుక్కలు వేస్తే రంగు మారింది. ఫ్లోరైడు అన్నారు. తాగొద్దని బోరింగుకు ఎర్ర రంగు పూసి వెళ్లిపోయారు. రంగు ఆరాక ఊరివాళ్లు మళ్లీ దాని దగ్గరికే బిందెలు పట్టుకొచ్చారు, ఇంకో బోరింగు ఉంటే కదా.

అన్న మోకాళ్లు మీసాలు రాకముందే లోపలికి తిరిగాయి. తరువాత మెడ. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషంతా తిరిగేవాడు, పిల్లలు దానికి నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వింది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. చివరి రెండేళ్లు మంచంలో ముడుచుకుని ఉన్నాడు. పోయాక పాడె మీద వెల్లకిలా పడుకోబెడదామంటే ఒంగిన ఒళ్లు ఒప్పుకోలేదు, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు అంది ఎవరో ముసలమ్మ. నిద్రపోతున్నట్టు లేడు, చలికి ముడుచుకున్నట్టున్నాడు. ఇప్పుడు ఊళ్లోకి కూడా నల్లాలు వచ్చాయి, కృష్ణ నీళ్లే, పోయినసారి వెళ్లినప్పుడు తల్లి అరుణమ్మ మనవరాలికి చెంబుతో ఇచ్చి, "తాగు బిడ్డా, మనకు గూడ ఒచ్చినయి," అని గొప్పగా చెప్పింది. వచ్చాయి. అన్న ఉన్నప్పుడు రాలేదు. నీళ్లకు అంత తెలివి ఉంటే ఇంకేం.

యాదలక్ష్మికి మాత్రం పళ్లతో పోయింది. ముందు పళ్ల మీద ఇటుక రంగు చారలు, ఎంత తోమినా పోనివి. వాళ్ల ఊళ్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు జడ చూడరు, నడక చూడరు, ఏదో ఒకటి చెప్పి పిల్లను నవ్వించాలని చూస్తారు. నవ్వితే చాలు, సంగతి తెలిసిపోతుంది. మూడు సంబంధాలు నవ్వు దగ్గరే తిరిగిపోయాక అరుణమ్మ ఒకటే చెప్పింది: "ఏం జేసినా నోరు తెరవకు బిడ్డా." నకిరేకల్ నుంచి సీతారాములు వచ్చిన రోజు ఆమె పెదవులు బిగించి కూర్చుంది. ఆ మహానుభావుడు చాయ్ అందుకోబోయి సాసరు మాత్రమే అందుకున్నాడు. కప్పు పోయి తెల్ల ప్యాంటు మీద పడింది. కెవ్వుమని లేచాడు, లేస్తే మంచం కోడు మోకాలికి తగిలింది, మోకాలు పట్టుకుని ఒంటి కాలి మీద గంతులేశాడు. ఎంత ఆపుకున్నా ఆమె వల్ల కాలేదు, నోరంతా తెరిచి నవ్వింది. నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుని, ఇదీ పోయింది అనుకుంది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఆయన మేనమామతో అన్న మాట తలుపు చాటు నుంచి వింది: "పిల్ల మనసుతోని నవ్వుతది మామా, ఖాయం జేయుండ్రి." ఆ తరువాత పళ్ల గురించి ఇప్పటిదాకా ఒక్క మాట లేదు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు మాత్రం, అడగకుండానే, పెట్టె నెత్తిన పెట్టుకుని ఎల్‌బీ నగర్లో బస్సు దింపాడు. పుట్టేది ఆడైనా మగైనా కృష్ణ నీళ్లు తాగాలన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చంపాపేట్ దాకా గల్లీ గల్లీ తిరిగి ఇల్లు వెతికినప్పుడు అందరూ కిరాయి ఎంతని అడిగితే ఆయన నల్లా ఉందా అని అడిగాడు. అటువంటి మనిషి ఇప్పుడు నీళ్ల సంగతి నీకెర్క అంటాడు. అంటే ఏమిటి? నేను ఓడిపోయాను అనా? లేక నువ్వు వద్దంటే ఇంకా ఈడుస్తాను అనా?

ధార వేలి లావు అయింది. మొదటి బిందె సగం.

"వచ్చాయా లక్ష్మీ?" మెట్ల మీద నుంచి వెంకాయమ్మగారి గొంతు. ఇంటి ఓనరు, తెనాలి మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేక సగం మెట్ల మీద కూర్చుని ఇల్లంతా నడిపే ఇల్లాలు.

"సన్నగ ఒస్తున్నయి ఆంటీ."

"ఇంతకీ ఏమనుకున్నారు? ఉగాది నుంచి అద్దె పెంచుతానని ముందే చెప్పాను కదమ్మా, మళ్లీ నన్నేమీ అనుకోకూడదు. మెట్రోకి ఇంత దగ్గరలో, మంచినీళ్లతో, ఇంతకన్నా తక్కువకి ఎవరిస్తారు చెప్పు? నువ్వెళ్లిపోతే నాకు మాత్రం బాగుంటుందా?"

"ఆయినె ఫోన్ జేస్తడు ఆంటీ, జేసినంక చెప్త."

ఆవిడ తప్పేమీ లేదు, పాపం. అబద్ధమూ ఆడలేదు. ఈ గల్లీలో ఇంకెవరూ తక్కువకు ఇవ్వరు. ఆ మెట్రో మాత్రం యాదలక్ష్మి రెండుసార్లు ఎక్కింది, ఒకసారి ముచ్చటకు, ఒకసారి దవాఖానకు, కానీ అది దగ్గరగా ఉన్నందుకు నెల నెలా కట్టాలి. కాలేజీలు దగ్గర, చీరల దుకాణాలు దగ్గర, సినిమా హాళ్లు దగ్గర, అన్నీ దగ్గరే, మనుషులకు కాళ్లు చాపుకునే చోటే దూరం. ఇల్లు ఇరకాటం ఆలి మర్కటం అన్నవాడెవడో కొత్తపేటలో కిరాయికుండే ఉంటాడు. కుట్టుమిషను ఒక మూల, గ్యాసు బండ ఒక మూల, పిల్ల పుస్తకాలు మిషను కింద, మొగుడు తల ఇటు పెడితే కాళ్లు మిషనుకు తగులుతాయి. దుకాణం నుంచి తెచ్చిన చీరలకు ఫాల్ కుట్టాలంటే ఆయన లేవాలి, ఆయన పడుకోవాలంటే మిషను ఆగాలి. ఆయనకు నిద్ర పట్టేది సాయంత్రం చీకటి పడ్డాక ఒక ముక్క, పొద్దున పాల బండి దిగాక ఇంకో ముక్క. ఆ రెండు ముక్కల మధ్య ఫర్నిచర్ షాపు ట్రాలీ, మంచాలు, బీరువాలు, మూడో అంతస్తు, నాలుగో అంతస్తు. ఆ ముక్కల్లోనైనా పడుకుంటాడా? పైన మోటారు వేస్తారు. గల్లీలో ఉల్లిగడ్డల బండి మైకు. పిల్ల ఎక్కాలు. ఈ మధ్య నిద్రలో ఆయన కుడి కాలు కదులుతోంది, మడమ ఆనించి పాదం కిందికి తొక్కుతోంది, తొక్కి వదులుతోంది. మొదట ఆమెకు అర్థం కాలేదు. బ్రేకు.

ఆ బ్రేకు శివరాత్రికి ముందు రోజుది. తెల్లవారుజామున ఎల్‌బీ నగర్ అండర్‌పాస్‌లో కన్ను మూతపడి బండి గోడకు రాసుకుంది. ట్రేలు జారి పాకెట్లు పగిలి రోడ్డంతా పాలు. ఆయనకు గీత పడలేదు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు, "రోడ్డుకు పాలాభిషేకం జేసి ఒచ్చిన లక్ష్మీ, పుణ్యమొస్తది," అని. ఆమె కూడా నవ్వింది, ఆ మనిషి ఏం చెప్పినా నవ్వు వచ్చి చస్తుంది. ఆ రాత్రి నుంచి ఆయన బండికి పోయాక ఆమె కళ్లు మూయలేదు. హైవే మీద అంబులెన్సు అరుపు ఎటు పోతోందో చెవితో పట్టుకోవడం నేర్చుకుంది. ఆ ఇంటికి పోతే రాత్రి బండి మానేస్తానన్నాడు. ఒక్క ట్రాలీతో సరిపోతుందట. రాత్రిపూట మనుషుల్లాగా పడుకోవచ్చట. మాట వరసకు అన్నట్టే అన్నాడు గానీ, మనుషుల్లాగా అన్నప్పుడు గొంతు ఎక్కడో తడబడింది, ఆమె వినలేదనుకున్నాడు. వింది.

మరి పిల్ల? బిందె నిండి పొర్లింది, ఆమె చూసుకోలేదు, కాళ్లు తడిశాయి. బిందె లాగి రెండోది పెట్టింది. ఆరేళ్ల పిల్ల జ్యోతిక. మొన్ననే మొదటి పాలపన్ను ఊడింది. ఊళ్లో అయితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీద వేస్తారు. ఇక్కడ పేడా లేదు, కిరాయికున్నవాళ్లకు కప్పూ లేదు. పిల్ల ఏడుస్తుంటే సీతారాములు గల్లీలోకి పోయి, చేయి తిప్పి బంతి విసిరినట్టు మూడో అంతస్తు మీదికి విసిరాడు, అది పోయి అక్కడ కిరాయికుండే ప్లీడరుగారి ఏసీ మీద పడింది, చాలా పైకి పోయింది కాబట్టి చాలా మంచి పన్ను వస్తుందని పిల్లను నమ్మించాడు. వస్తోంది. చిగురు చీల్చుకుని బియ్యపు గింజ అంచులాగా కనబడుతోంది, తెల్లగా. రోజూ పొద్దున యాదలక్ష్మి పిల్ల పెదవి ఎత్తి చూస్తుంది. దవాఖానలో నర్సు చెప్పింది, ఎనిమిదేళ్లు దాటేదాకా భద్రం, బయటికి రాని పళ్లు చిగురు లోపలే తయారవుతుంటాయని. అంటే ఇంకా లోపల ఉన్నాయి, కనబడకుండా, తాగిన ప్రతి నీటి బొట్టూ లెక్కలోకి తీసుకుంటూ. పళ్లే కాదు, ఎముకలు. అన్న కూడా మొదట పళ్లతోనే మొదలయ్యాడు.

మొన్న ఆదివారం ఆ ఇల్లు చూడటానికి పోయారు. ఇల్లు చూడబోయినవాళ్లు గోడలకు పగుళ్లున్నాయా, స్లాబు కారుతుందా అని చూస్తారు. యాదలక్ష్మి లోపలికే పోలేదు. బిస్కెట్ పాకెట్ చేత్తో పట్టుకుని వీధిలో పిల్లలను పోగేసింది, ఒక్కొక్కరికీ బిస్కెట్ ఇచ్చి నవ్వించింది, నవ్వినప్పుడు పళ్లు చూసింది. పెద్దపిల్లలందరికీ బాగానే ఉన్నాయి, కానీ వాళ్లంతా నిన్న మొన్న వచ్చినవాళ్లు, వాళ్ల పళ్లు వేరే ఊళ్ల నీళ్లతో తయారైనవి, అవి సాక్ష్యానికి పనికిరావు. ఒక చిన్నపిల్ల మాత్రం అక్కడే పుట్టిందట. నవ్వితే పళ్ల మీద తెల్లటి సుద్ద మచ్చలు. ఊళ్లో మొదట అట్లాగే ఉంటాయి, సుద్ద లాగా, తరువాత ఇటుక రంగు. పిల్ల గడ్డం పట్టుకుని, కొంగుతో పన్ను తుడిచి చూసింది. మచ్చ కొంగుకు అంటుకుని వచ్చింది. పిల్ల బలపం తిన్నది! ఇంతలో వాళ్లమ్మ వచ్చి, "ఎవరమ్మా నువ్వు, మా పిల్ల నోట్లె ఏళ్లు వెడుతున్నవ్?" అని కయ్యిమంది. సీతారాములు పరుగెత్తుకొచ్చి ఏవేవో చెప్పి, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడవునా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. బలపం మచ్చ పోయింది సరే. దాని కింద పన్ను తెల్లగానే ఉంది సరే. అది పాలపన్ను. పాలపళ్లు ఏమీ చెప్పవు.

ఒక సీసాలో ఆ బోరు నీళ్లు పట్టుకొచ్చింది. పరీక్ష చేయించడానికి ఎక్కడికో పోతే, జవాబుకు వారం పడుతుందన్నారు. ఇంటావిడ ఇవాళ చెప్పమంది. సీసా ఇంకా గ్యాసు బండ వెనకే ఉంది, పారబోయలేదు, ఎవరూ పొరపాటున తాగకుండా మూతకు దారం చుట్టింది. చూస్తే తేటగానే ఉంది. తేటగా ఉండటమే ఆమెకు పడనిది.

క్యాన్లు కొనుక్కోవచ్చు కదా అంటాడు సీతారాములు. అక్కడ అందరూ అదే తాగుతారు. సరే, క్యాను ఎక్కడ నింపుతారు? పక్క సందులో ప్లాంటులో. ప్లాంటుకు నీళ్లెక్కడివి? భూమిలోవే. మెషీను అంతా తీసేస్తుందట, తీస్తుందో లేదో లోపలికి పోయి చూసినవాళ్లెవరు. అన్నం వండేది క్యానుతోనా, పప్పు ఉడికేది క్యానుతోనా, పిల్ల స్నానం చేస్తూ నోరు తెరిచి మింగేది క్యాను నీళ్లేనా? ఆలోచిస్తే ప్రతి గ్లాసు వెనకా ఇంకో గ్లాసు నిలబడుతోంది. పోనీ ఉండిపోదాం. ఇంకో రెండేళ్లు. పిల్లకు ఎనిమిది దాటేదాకా. రెండేళ్లంటే ఎన్ని రాత్రులో ఆమె లెక్క వేయదు, ఒక్క రాత్రి చాలు. అండర్‌పాస్‌లో గోడ బదులు లారీ ఉంటే చాలు. తెల్లటి పళ్ల పిల్ల, తండ్రి లేని పిల్ల. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, నుయ్యి అయినా నయం, అందులో నీళ్లు ఎటువంటివో తెలుసు.

ధార ఇప్పుడు పూర్తిగా వచ్చింది, మణికట్టు లావు, బిందెలో పడితే నురగ లేచేంత. ఈ చప్పుడు ఆమెకు ఇష్టం. ఈ చప్పుడు వింటుంటే ఇంట్లో ఎవరికీ ఏమీ కాదనిపిస్తుంది. బకెట్లు నిండుతున్నాయి. ఊహూ అని చెబుదాం. ఇన్ని నీళ్లు వదులుకుని ఎవరు పోతారు? ఊహూ అనే అంటుంది. తడి చేయి కొంగుకు తుడుచుకుని ఫోను తీసింది. అంటే ఆయన ఏమంటాడు? సరే అంటాడు. మంచిగుంది అంటాడు, ఉప్పు లేని కూరకు అన్నట్టే. ఎల్‌బీ నగర్ దాకా బస్సులో నిలబడి వచ్చి, ఏమీ జరగనట్టు లుంగీ కట్టుకుని, ఒక ముక్క నిద్రపోయి, బండికి పోతాడు.

నెంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. ఫోను ఎత్తడా? ఆయన ఎప్పుడూ రెండో మోతకే ఎత్తుతాడు. రోడ్డు దాటుతూ ఏమైనా, నిద్ర కళ్లతో, ఆ హైవే మీద లారీలు... మూడోసారి నొక్కింది.

"హలో." ఆడగొంతు.

యాదలక్ష్మి ఫోను చెవి నుంచి తీసి నెంబరు చూసుకుంది.

"హలో అమ్మా, నేను సంధ్యారాణిని, ఇంటి ఓనర్ని. మీ ఆయినె ఫోన్ గీడ వరండల మోగుతుంటె ఎత్తిన. ఏమనుకోకుండ్రి."

"ఆయినేడి? ఏమైంది?"

"ఏం గాలే, పరేషాన్ గాకుండ్రి. పండుకున్నడు. నీ ఫోన్ కోసం జూస్తనని గీడ కూసున్నడు, నేను చాయ్ వెట్టుకొచ్చేసరికి నేల మీదనే ఒరిగిండు. చాప గూడ లేదు. గంట దాటె. ఫోన్ చెవి పక్కన్నే మోగింది గని కదలలే. లేపాల్నా?"

"ఒద్దు." ఎంత గట్టిగా అందంటే నల్లా చప్పుడును దాటి వినబడింది. "లేపకుండ్రి."

అవతల గాలి. దూరంగా ఏదో పక్షి. ఆ చప్పుళ్ల మధ్య ఇంకో చప్పుడు, మెల్లగా, లోతుగా, రంపం కోతలాగా. గురక. పెళ్లయిన కొత్తలో విన్నది. పట్నం వచ్చాక ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియదు, గురక పెట్టాలంటే అంత లోతుకు పోవాలి కదా మనిషి.

"అమ్మా," అంది యాదలక్ష్మి, "ఆయిన కాలు కదులుతున్నదా? కుడికాలు?"

"కాలా?" సంధ్యారాణి వింతగా అడిగి, చూసి ఉండాలి. "లేదమ్మా. చాపుకొని పండుకున్నడు. రెండు కాళ్లు చాపుకొని."

యాదలక్ష్మి గట్టు మీద కూర్చుండిపోయింది. ఏడుపు వచ్చింది, వస్తే రానిచ్చింది, నల్లా చప్పుడులో ఎవరికి వినబడుతుంది. చాప లేని గచ్చు మీద, పరాయి ఇంటి వరండాలో, రెండు కాళ్లూ చాపుకుని పడుకున్న మొగుడు కళ్ల ముందు కనబడుతున్నాడు. తాను ఇన్నాళ్లూ లోకంలో అన్నిటికన్నా ప్రియమైనది నీళ్లే అనుకుంది. కాదు. నీళ్లను మోయవచ్చు. ఎంత దూరమైనా బిందెలోనో డబ్బాలోనో పోసి, నెత్తిన పెట్టుకుని, చంకన పెట్టుకుని మోయవచ్చు, ఆడవాళ్లు పుట్టినప్పటి నుంచీ అదే చేస్తున్నారు. ఈ నిద్రను ఎట్లా మోస్తారు? ఆ వరండాలో ఉన్న నిద్రను కొత్తపేట గల్లీలోకి ఏ డబ్బాలో పట్టి తెస్తారు? అది ఉన్నచోటికి మనిషే పోవాలి.

"ఉన్నవా అమ్మా? సాయంత్రం ఒచ్చేటోళ్లకు ఏం జెప్పాలె?"

"ఇల్లు మేమే తీస్కుంటమని చెప్పుండ్రి. ఆయినకు గూడ, లేచినంకనే చెప్పుండ్రి. ఆయినంతట ఆయిన లేచినంక."

ఫోను పెట్టేసి చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. భయం పోలేదు. పోతుందనీ అనుకోలేదు. చిగురు లోపల పళ్లు అట్లాగే ఉన్నాయి, అన్న అట్లాగే ఉన్నాడు, పక్కకు తిరిగి. కొంగుతో ముఖం తుడుచుకుని మెట్ల దగ్గరికి పోయింది.

"ఆంటీ, మేం పోతున్నం."

వెంకాయమ్మగారు చేతిలో చిక్కుడుకాయ వదిలేసింది. "అదేంటి లక్ష్మీ! నీళ్ల కోసమే ఇక్కడున్నామని నువ్వే అంటావుగా. మరి పిల్లకి?"

"పిల్లకు తాగేటియి, అన్నం వండేటియి గీడికెంచే తీస్కపోత. రోజు మార్చి రోజు ఒస్త. కొత్తగ ఒచ్చేటోళ్లు పట్టుకున్నంకనే పట్టుకుంట ఆంటీ, ఆఖరి నీళ్లైనా సరే. ఇంక రెండేండ్లు."

"అబ్దుల్లాపూర్‌మెట్ నుంచా? బస్సులో, డబ్బాలు పెట్టుకుని?"

"ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గద."

"మనిషికి ఫ్రీ. డబ్బాలకి కూడానా? కండక్టరు ఊరుకుంటాడా?" అని, ఆవిడ చిక్కుడుకాయ మళ్లీ తీసుకుని ఈనె లాగింది. "వచ్చేవాళ్లు ఏమంటారో నేనిప్పుడే మాటివ్వలేను. అడుగుతాను. అడిగి చూస్తాను, సరేనా?"

సరే అంది యాదలక్ష్మి. అంతకన్నా ఎవరు మాత్రం ఏమంటారు? వెనక నల్లా సన్నబడి, గొంతు బొంగురుపోయి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. బకెట్లు సర్దుతుంటే గేటు చప్పుడైంది. బడి ఆటో దిగి, భుజాన బరువైన సంచీతో, ఒక పన్ను లేని నోరు బార్లా తెరుచుకుని, గల్లీ అంతా వినబడేలా కేక వేస్తూ జ్యోతిక పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! నాయిన ఒచ్చిండా? ఇల్లు దొరికిందా? నాయినేడి?"

యాదలక్ష్మి గభాలున వేలు పెదవుల మీద పెట్టుకుంది. "మెల్లగ! నాయిన పండుకున్నడు."

పిల్ల అక్కడికక్కడే ఆగి, మునివేళ్ల మీద గుమ్మం దాకా నడిచి, లోపలికి తొంగి చూసింది. గదిలో ఎవరూ లేరు. చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది.

"ఏడ?" అంది, అది కూడా గుసగుసగానే.